నవ్వితే పదిహేను గజాలు

సంతోషం ఒంటికి మంచిది కాదు. ముఖ్యంగా ఇరవై ఏళ్ల కుర్రాళ్లకి, అందులోనూ కాలేజీ ఫుట్‌బాల్ ఆడేవాళ్లకి, అస్సలు పడదు. ఈ సత్యాన్ని కనిపెట్టి, దానికో రూలు రాసి, ఆ రూలును ఒకడికి వేసి ఇంకొకడికి వదిలేస్తున్న మహానుభావులందరికీ ఈ కాలమ్ ముఖంగా చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

తొందరపడి పేపరు మడిచేయకండి. మెర్రిడేల్‌లో ఈ మాట పైకి అన్న మనిషికి మంగలి షాపులో కుర్చీ కూడా దొరకదని నాకు తెలుసు. అయినా అంటాను. ఈ ఊరి హైస్కూల్లో తలనెరిసేదాకా పౌరశాస్త్రం చెప్పినవాణ్ణి. చట్టం ముందు అందరూ సమానులే అని ఏటా బోర్డు మీద రాసి, బెల్లు కొట్టగానే నా చేత్తో నేనే చెరిపేసినవాణ్ణి. ఈ విషయం నేను మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు?

రూలు చాలా తేలిక. బంతిని చేతుల్లో పట్టుకుని పరిగెత్తి అవతలి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. దాటినవాడు బంతిని రిఫరీ చేతిలో పెట్టి, పోస్టాఫీసులో కవరు వేసి వస్తున్న మనిషిలా వెనక్కి నడిచి రావాలి. గెంతినా, అభినయించినా, జనం తనవైపు చూసేలా ఏం చేసినా రిఫరీ నడుము దగ్గర్నుంచి పసుపు గుడ్డ తీసి నేలకేసి కొడతాడు. అతి సంబరం! జట్టు పదిహేను గజాలు వెనక్కి పోవాలి. ఇక గీత దాటకముందే ఎదుటివాణ్ణి వెక్కిరించాడనుకోండి, ఆ ఆరు పాయింట్లూ గోవిందా!

జనం తనవైపు చూసేలా చేయకూడదట. నలభై వేలమంది టికెట్టు కొనుక్కుని, ఎండలో కూర్చుని, మెడలు చాపి చూస్తున్నది అతన్నే అయినా సరే, వాళ్లు చూస్తున్నట్టు అతనికి తెలియకూడదు. ఇంత సున్నితమైన ఆలోచన మామూలు బుర్రలకు వస్తుందా?

అలాగని మెర్రిడేల్‌లో సంబరాలు నిషేధం అనుకునేరు. అబ్బెబ్బే! శనివారం పొద్దున్నే స్టేడియం పక్కన ట్రక్కుల వెనక తలుపులు దించి, పంది పక్కటెముకలు పొగకు వేలాడదీసి, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు బకెట్లకొద్దీ ఒలుచుకుంటూ తాగడం మొదలుపెడతాం. టచ్‌డౌన్ పడితే ఫిరంగి పేలుస్తాం. బ్యాండు వాళ్లు బుగ్గలు పగిలేలా ఊదుతారు. మా జట్టు పేరు కొంగలు కాబట్టి కొంగ వేషగాడొకడు కాళ్లు గాల్లోకి విసిరి గెంతుతాడు. యూనివర్సిటీ ప్రెసిడెంటుగారు పైన అద్దాల గదిలో ఎవరు దొరికితే వాళ్లను కావలించుకుంటారు. కోచ్ మాబ్రీ ఆనందం పట్టలేక టోపీ నమిలిన రోజులు కూడా ఉన్నాయి. గెలిచామంటే ఊరంతా మైదానంలోకి దూకి, గోల్‌పోస్టు పీకి, మెయిన్ స్ట్రీట్ మీదుగా మోసుకెళ్లి నదిలో పారేస్తాం. దాన్ని సంప్రదాయం అంటారు.

ఆ ఆరు పాయింట్లు తెచ్చినవాడు మాత్రం చావింటికి వచ్చినవాడిలా నిలబడాలి. ఎవరో ఒకరు గంభీరంగా ఉండకపోతే ఆటకు మర్యాద ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఈ రూలు మీద మనవాళ్లు చేసే ఫిర్యాదు ఒక్కటే. అందరికీ ఒకేలా వేయడం లేదట! అయ్యా, అందులోనే కదా దాని గొప్పతనమంతా ఉంది!

ఉదాహరణలు చూడండి. మొన్న సీజన్లో మా కుర్రాడొకడు టచ్‌డౌన్ చేసి ఒక వేలు ఆకాశంవైపు చూపించాడు. గుడ్డ పడింది. కాసేపటికి ఇంకొకడు రెండు మోకాళ్ల మీద కూలబడి, కళ్లు మూసుకుని, వాళ్ల మామ్మ ఆత్మకు శాంతి కలగాలని ఓ పాట కూడా పాడాడు. రిఫరీ టోపీ తీసి తలవంచాడు. దేవుడితో మాట్లాడే పద్ధతి ఏదో మన పిల్లలకు అంతకుముందు ఎవరైనా నేర్పారా?

ఇంకోసారి మావాడు కిందపడిన ప్రత్యర్థిని చెయ్యి పట్టి లేపి, భుజం తట్టాడు. పదిహేను గజాలు! ఎందుకయ్యా అంటే మరీ మర్యాదగా లేపాడట, అందులో వెటకారం ఉందట. అదే ఆటలో బంతిని కాలితో తన్నే కుర్రాడు సంతోషంతో మూడు పిల్లిమొగ్గలు వేశాడు. అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. తన్నేవాడివైపు వాళ్లమ్మ కూడా చూడదు కాబట్టి, జనాన్ని తనవైపు తిప్పుకున్నాడన్న అభియోగం నిలవదని రేడియోలో తీర్మానించారు.

ఒకే పని ఇద్దరు చేస్తే ఒకే ఫలితం వస్తుందని నమ్ముతూ కాలేజీ దాటే కుర్రాడి గతి ఆలోచించండి. మొదటి ఉద్యోగంలోనే గుండె ఆగి పోతాడు. బాస్ మేనల్లుడు ఆలస్యంగా వస్తే నవ్వుతున్నారేమిటి, నేనొస్తే గడియారం చూస్తున్నారేమిటి అని అడుగుతాడు. జడ్జిగారబ్బాయి కారు నడిపిన వేగానికీ తను నడిపిన వేగానికీ తేడా ఏమిటని పోలీసుతో వాదిస్తాడు. ఇలాంటి అమాయకుల్ని తయారుచేసి బయటికి వదలడం ఏ యూనివర్సిటీకైనా మర్యాదేనా? క్లాసులో చెప్పలేని ఈ పాఠాన్ని మనవాళ్లు శనివారం మధ్యాహ్నాలు మైదానంలో చెబుతున్నారు. ప్రాక్టికల్స్ అన్నమాట!

కోచ్ మాబ్రీ అయితే బుధవారాల్లో దుఃఖం ప్రాక్టీసు పెట్టించాడు. టచ్‌డౌన్ చేసిన వెంటనే కెమిస్ట్రీ పరీక్షను తలుచుకోవాలి. అది చాలకపోతే హాస్టల్ మెస్సులో సోమవారం పెట్టే చేపల కూరను తలుచుకోవాలి. పిల్లలు బాగానే పట్టుకున్నారు. ఒకడు మరీ బాగా పట్టుకుని, అవతలి గీత దాటి భోరుమన్నాడు. పాపం, అతనికీ గుడ్డ పడింది. ఏడుపు కూడా నటనేనట.

సరే, ఓడెల్ ప్రూట్ సంగతి చెప్పి నా వాదన ముగిస్తాను. వింటే మీకే అర్థమవుతుంది.

ఓడెల్ మా జట్టులో గార్డు. బంతి విసిరే మొనగాడి ముందు నిలబడి, మీదికొచ్చేవాళ్లను ఒంటితో ఆపడమే అతని పని. గోడ అన్నమాట. గోడకు బంతితో పనిలేదు. బంతి జోలికి పోకు అన్నదే గార్డుకు ఎనిమిదో తరగతిలో చెప్పే మొదటి పాఠం, అదే ఆఖరి పాఠం కూడా. ఓడెల్ తలుపుల్లోంచి పక్కకు తిరిగి రావాల్సినంత మనిషి. అంత ఒంట్లోనూ పిల్లి పిరికితనం. క్యాంటీన్లో ఎవరైనా దారి తప్పుకుంటే, తప్పుకున్నందుకు వాళ్లకు సారీ చెబుతాడు.

అతని తల్లి లవర్న్ నా పాత విద్యార్థిని. స్కూలు బస్సు నడుపుతుంది. ఆవిడ గొంతు గురించి మెర్రిడేల్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు. బస్సు హారన్ పాడైతే బాగుచేయించుకోవాల్సిన అవసరం ఆవిడకు ఇంతవరకు రాలేదు.

గోడ వెనక నిలబడి బంతి విసిరే మొనగాడు ట్రిప్ వాండివర్. తాతకూ తండ్రికీ తనకూ ఒకటే పేరు కాబట్టి, మూడోవాడని ఆ ముద్దుపేరు. స్టేడియంలో స్కోరుబోర్డు మీదా, కసరత్తు గది మీదా, మగవాళ్ల బాత్‌రూమ్ బయట ఇత్తడి పలక మీదా దాతలుగా ఉన్నది ఆ ఇంటిపేరే. కుర్రాడు మంచివాడే. బాగా నవ్వుతాడు, బాగా విసురుతాడు.

నవంబరు ఆఖరి శనివారం, ఓక్లీ టెక్‌తో ఆట. సొంతూళ్లో ఆ సీజన్‌కు ఆఖరిది. నాలుగో ఏడాది పిల్లల తల్లుల్ని మైదానంలోకి పిలిచి చామంతులిచ్చారు. లవర్న్ ఆ పువ్వు పెట్టుకుని నా ముందు వరసలో కూర్చుంది.

ఆట రెండో పావుభాగంలో ట్రిప్ ఒక టచ్‌డౌన్ చేశాడు. చేసి, బంతిని పసిపాపలా చేతుల్లోకి తీసుకున్నాడు. ఊపాడు. జోకొట్టాడు. భుజాన వేసుకుని వీపు నిమిరి తేన్పించాడు. గడ్డిలో పడుకోబెట్టి, పాప లేస్తుందేమోనని మునివేళ్ల మీద నడుచుకుంటూ వెళ్లిపోయాడు. రిఫరీ ఎమ్మెట్ స్ట్రౌడ్ నవ్వు ఆపుకోలేక ఈల నోట్లోంచి జారవిడుచుకున్నాడు. గుడ్డ మాత్రం నడుము దగ్గరే భద్రంగా ఉంది.

ఇక ఆఖరి నిమిషం. నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాం. ట్రిప్ విసరబోతుంటే వెనకనుంచి ఒకడొచ్చి గుద్దాడు. బంతి జారి నేల మీద దొర్లి, ఒక గెంతు గెంతి, సరిగ్గా ఓడెల్ పొట్టకు తగిలి అక్కడే ఆగింది. ఓడెల్ రెండు చేతులతో దాన్ని పట్టుకుని, ఇదేమిటిక్కడికొచ్చింది అన్నట్టు చూశాడు.

"పరిగెత్తరా! నిన్నే! పరిగెత్తు!" అని కోచ్ గావుకేక పెట్టాడు.

పరిగెత్తాడు. ఆ పరుగు నేను చచ్చేదాకా మరిచిపోను. ముందు ఎవరూ లేరు. వెనక ఓక్లీ వాడొకడు తరుముకొస్తున్నాడు, వాడి వెనక మావాళ్లు. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. లవర్న్ అయితే బెంచీ ఎక్కేసింది. సరిగ్గా గీతకు రెండడుగుల దూరంలో ఓడెల్ వెనక్కి తిరిగి, రెండు చేతులూ చాపి, బంతిని ముందుకు పట్టాడు. అలా పట్టుకునే రెండడుగులు వెనక్కి వెనక్కి వేసి, గీత దాటి, వెల్లకిలా పడ్డాడు.

ఫిరంగి పేలింది. లవర్న్ అరిచింది. రెంటిలో ఏది ముందు వినపడిందో నేను చెప్పలేను.

అప్పుడు చూశాం, గడ్డిలో పసుపు గుడ్డ.

బంతి చూపించి ప్రత్యర్థిని వెక్కిరించాడట! ఆరు పాయింట్లు రద్దు. పైగా పదిహేను గజాలు. ఓడెల్ ఇంకా రొప్పుతూనే రిఫరీ దగ్గరికి నడిచాడు. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఏమనుకున్నారో పక్కనే ఉన్న బ్యాండు కుర్రాళ్లు ఊరంతా చెప్పారు.

"వెక్కిరించలేదు సార్. ఎవరికైనా ఇద్దామని చూశాను."

"ఎవరికి?"

"మావాళ్లెవరికైనా సార్. బంతి నాది కాదు కదా."

స్ట్రౌడ్ అతన్ని ఎగాదిగా చూసి, "రెండడుగులు వెనక్కి వెయ్. మీదికి రాకు," అన్నాడట. ఓడెల్ రెండడుగులు వెనక్కి వేసి, సారీ చెప్పాడట.

బంతిని వెనక్కి తెచ్చి పెట్టారు. ట్రిప్ రెండుసార్లు విసిరాడు. ఒకటి ఎవరికీ అందలేదు. రెండోది ఓక్లీ వాడి చేతుల్లోకి, పుట్టినరోజు కానుక ఇచ్చినంత ముద్దుగా వెళ్లింది. ఆట అయిపోయింది.

సోమవారం మంగలి షాపులో అందరిదీ ఒకటే మాట.

"ఓడెల్ ముంచేశాడు మాస్టారూ," అన్నాడు మా మంగలి రాయ్స్, నా మెడ మీద కత్తి పెట్టి. "ఒక్కసారి బంతి దొరికేసరికి కళ్లు నెత్తికెక్కాయి."

"మరి ట్రిప్ ఆ పాపను జోకొట్టాడు కదా?"

"అది సరదా! మా ఆవిడ పడీ పడీ నవ్వింది. ఆ కుర్రాడికి ఎంత తమాషా తెలుసు!"

"బంతి ఓక్లీ వాళ్లకిచ్చింది కూడా సరదాకేనా?"

"పాపం, ఒత్తిడి. ఓడెల్ గొడవతో మనసు పాడైపోయి ఉంటుంది కదండీ పిల్లాడికి." కత్తి ఇంకా మెడ మీదే ఉంది కాబట్టి నేను ఒప్పుకున్నాను.

మర్నాడు సాయంత్రం మా ఇంటి ముందు స్కూలు బస్సు ఆగింది. పిల్లలందరూ ఎప్పుడో దిగిపోయారు. అయినా లవర్న్ ఎర్ర దీపాలు వెలిగించింది. ఆ దీపాలు వెలిగితే ఈ దేశంలో ఎంతటివాడైనా బండి ఆపాల్సిందే. అటు పదికార్లు, ఇటు పదికార్లు నిలిచిపోయాయి. ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"మాస్టారూ! మీరు పేపర్లో రాస్తారు కదా. మావాడి టచ్‌డౌన్ మావాడికి ఇప్పించండి."

"లవర్న్, అదంత తేలిక కాదు. రూలు ఏమంటుందంటే..."

"రూలు నాకు తెలుసండీ. అది ఎప్పుడు నిద్రలేస్తుందో, ఎప్పుడు ముసుగుతన్ని పడుకుంటుందో, అదే తెలిసి చావడం లేదు."

వెనకనుంచి ఎవరో హారన్ కొట్టారు. ఆవిడ అటు తిరిగి, "ఆగవయ్యా, ఎర్ర దీపం కనబడటంలా?" అంది. మేయరుగారి కారు గప్‌చుప్ అయిపోయింది.

"ఇంటికొచ్చి వాడేమన్నాడో తెలుసా మాస్టారూ? 'అమ్మా, గీత అవతల గడ్డి మెత్తగా ఉందే' అన్నాడు. నాలుగేళ్లు ఆడాడు. అక్కడ కాలు పెట్టడం అదే మొదటిసారి. మళ్లీ పెట్టేది లేదు. వాడికి గెలుపక్కర్లేదు, పేపర్లో ఫొటో అక్కర్లేదు. ఒక్కసారి గీత దాటాడని రాసిపెట్టమనండి, చాలు."

అప్పటిదాకా బస్సంత గట్టిగా ఉన్న ఆ గొంతు ఆఖర్న సన్నబడింది. ఆవిడ ఎర్ర దీపాలు ఆర్పేసి వెళ్లిపోయింది.

సమర్థించేవాడికైనా సాక్ష్యం కావాలి కదా! అదృష్టవశాత్తు రిఫరీ స్ట్రౌడ్ మామూలు రోజుల్లో పక్క కౌంటీలో పళ్ల డాక్టరు. నాకు ఎప్పట్నుంచో ఒక దవడపన్ను సలుపుతోంది. వెళ్లి కుర్చీలో పడుకుని, నోరు తెరవమనేలోపు అడిగేశాను, ఆ జోకొట్టడానికీ ఈ చేతులు చాపడానికీ తేడా ఏమిటని. స్ట్రౌడ్ చాలా సౌమ్యుడు. నా నోట్లో రెండు గొట్టాలూ ఓ అద్దమూ పెట్టి, తీరిగ్గా చెప్పాడు.

"అనుభవం మాస్టారూ. చూడగానే తెలిసిపోతుంది. ట్రిప్ ఆడితే ఆటలా ఉంటుంది. ఆ ప్రూట్ కుర్రాడున్నాడే, అంత మనిషి చేతులు చాపి మీదికొస్తుంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది?"

నేను "అతను వెనక్కి వెళ్తున్నాడు కదా" అన్నాను. నోట్లో సామానుండటం వల్ల అది కేవలం "ఆఁ ఆఁ" అని వినిపించింది.

"చూశారా, మీరూ ఒప్పుకుంటున్నారు," అన్నాడు స్ట్రౌడ్. "ఇందులో ద్వేషం లేదు. ఆ అబ్బాయి మంచివాడేనట కూడా. కానీ నాకున్నది రెప్పపాటు. ఆ రెప్పపాటులో ఏది సరదాగా కనపడితే అది సరదా, ఏది పొగరుగా కనపడితే అది పొగరు. ఇప్పుడు పుక్కిలించండి."

పుక్కిలించాను. ఇంకేం చేస్తాను!

తర్వాత లీగు వాళ్లకు ఉత్తరం రాశాను. మర్యాదగా జవాబిచ్చారు. అది రిఫరీ విచక్షణకు సంబంధించిన విషయమట, విచక్షణను పునఃపరిశీలించే విచక్షణ వాళ్లకు లేదట. ప్రూట్లు నల్లవాళ్లు, వాండివర్లు తెల్లవాళ్లు అన్న సంగతికీ దీనికీ ఏ సంబంధమూ లేదని కూడా రాశారు. ఆ సంగతి నేను నా ఉత్తరంలో ఎక్కడా ఎత్తలేదు. అడగని ప్రశ్నకు కూడా జవాబు సిద్ధంగా పెట్టుకున్నారంటే ఎంత ముందుచూపు!

ఓడెల్ మాత్రం ఎవర్నీ ఏమీ అనలేదు. చలికాలమంతా తలవంచుకుని క్లాసులకు తిరిగాడు. నేలల గురించి చదివాడు. ఏ మట్టిలో ఏ పంట పండుతుందో, ఏ నేల నీళ్లు ఆపుతుందో ఇప్పుడు చెప్పగలడు. మే నెలలో పట్టా అందుకునే రోజు వచ్చింది. ప్రూట్ల ఇంట్లో పట్టా అందుకునే మొదటి మనిషి అతనే.

ఆరోజు పార్కింగ్‌లో తల్లీ కొడుకులిద్దరూ కనిపించారు. ఓడెల్ కొలతకు గౌను దొరక్క, ఉన్నదాన్ని తొడిగితే మోకాళ్ల దగ్గరే ఆగిపోయింది. లవర్న్ కొత్త టోపీ పెట్టుకుంది. అరవడానికని పొద్దున్నుంచి గొంతుకు తేనె పట్టిస్తోందట.

"అమ్మా, నీకు దండం పెడతా. నా పేరు పిలిచినప్పుడు అరవొద్దు," అంటున్నాడు ఓడెల్.

"అరవకుండా ఎలా ఉంటాన్రా? నిన్ను కన్నదెందుకు, ఈ ఒక్క అరుపు అరవడానికి కాదూ?"

"చప్పట్లు కూడా కొట్టొద్దని కార్డు మీద వేశారు. గోల చేస్తే బయటికి పంపిస్తారట."

"పంపించనీ! బయటనుంచి అరుస్తా. ఇంకా బాగా వినపడుతుంది."

ఓడెల్ నవ్వలేదు. వంగి, ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. "పట్టా చేతిలోకొచ్చినా నాకు నమ్మకం లేదమ్మా. గీత దాటాక కూడా వెనక్కి లాక్కున్నారు. కారెక్కాక అరుద్దువుగానీ. ఊరు దాటేదాకా అరుద్దువుగానీ. నేనూ నీతో కలిసి అరుస్తా. లోపల మాత్రం వద్దే."

లవర్న్ టోపీ సర్దుకుంది. "సరేలే," అంది.

పాఠక మహాశయులారా, చూశారా రూలు మహిమ! మైదానంలో పుట్టిన క్రమశిక్షణ తల్లి గొంతుదాకా పాకింది. ఇంతకంటే విజయం ఏముంటుంది?

హాలు కిటకిటలాడుతోంది. డీన్ ఫెన్‌విక్ మైకు ముందుకొచ్చి, పేర్లన్నీ చదవడం అయ్యేదాకా చప్పట్లు, కేకలు, ఈలలు వద్దని, ప్రతి పిల్లవాడి పేరూ అందరికీ వినపడాలని, మాట వినని కుటుంబాలను బయటికి తీసుకెళ్లక తప్పదని ఎంతో ముద్దుగా చెప్పింది. ఎంత సమంజసమైన మాట! నేను రిటైరైన పంతుళ్లకు కేటాయించిన వరసలో కూర్చుని తలూపాను. లవర్న్ నాకు రెండు వరసల ముందు, నడవ పక్కన కూర్చుంది.

చాలామంది పిల్లలు నిశ్శబ్దంగా వచ్చి నిశ్శబ్దంగా వెళ్లారు. వెనక బెంచీల్లో ఎవరి మామ్మో "నా బంగారమే!" అంది. ఇద్దరు కాపలావాళ్లు వచ్చి ఆవిడను జాగ్రత్తగా, మెత్తగా, చెరో భుజం పట్టుకుని బయటికి నడిపించారు.

తర్వాత ట్రిప్ వాండివర్. రెండు వరసలు లేచి నిలబడ్డాయి. గాలి హారన్ మోగింది. రంగుకాగితాల ముక్కలు కురిశాయి. ఎవరో ఆవుమెడ గంట వాయించారు. ట్రిప్ పట్టాను చేతుల్లోకి తీసుకుని కాసేపు జోకొట్టాడు. హాలంతా నవ్వు. డీన్ ఫెన్‌విక్ కూడా కళ్లు తుడుచుకుని, "వాండివర్లున్నచోట నిశ్శబ్దం ఎలా ఉంటుంది లెండి!" అంది. కాపలావాళ్లు టోపీల మీద పడ్డ రంగుకాగితాలు దులుపుకున్నారు.

మరో నలుగురైదుగురు వెళ్లాక, "ఓడెల్ ప్రూట్," అంది డీన్.

ఓడెల్ వచ్చాడు. మోకాళ్లదాకా గౌను, కింద మెరిసే బూట్లు. వేదిక మెట్లు ఎక్కడ విరుగుతాయోనని మెల్లగా ఎక్కాడు. పట్టా తీసుకున్నాడు. ఎటూ చూడలేదు. ఎవరికీ చూపించలేదు. గుండెకు ఆనించుకుని, తల దించుకుని, అవతలి మెట్లవైపు నడిచాడు. లవర్న్ కదల్లేదు. రెండు చేతులూ ముందు బెంచీని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

ఆ నిశ్శబ్దం నేను భరించలేకపోయాను. రూలును ఇంతగా సమర్థించేవాణ్ణి, నాకేమైందో నాకే తెలియదు. లేచి నిలబడ్డాను. రెండు వేళ్లు నోట్లో పెట్టి, చిన్నప్పుడు పశువుల్ని అదిలించిన ఈల ఒకటి వేశాను. "ఓడెల్ ప్రూట్! ఆరు పాయింట్లు నీవే రా!" అని అరిచాను. నా గొంతు ఇంత ఉందని నాకు డెబ్బై దాటాక తెలిసింది.

ఓడెల్ మెట్టు మీద బిగుసుకుపోయాడు. పట్టాను ఇంకా గట్టిగా హత్తుకుని గబగబా దిగిపోయాడు.

కాపలా ఆయన నడవలో నావైపు వస్తున్నాడు. మంచిదే, అనుకున్నాను. బయటికి పంపిస్తే పంపించనీ, ఆ మామ్మ పక్కన కూర్చుంటాను. టై సర్దుకున్నాను.

ఆయన వచ్చి, నా తెల్ల మొహం, తెల్ల జుట్టు చూసి, టై చూసి, వంగి, "కూర్చోండి సార్. మంచి ఈల వేశారు," అని నవ్వాడు. నా భుజం తట్టాడు. తర్వాత రెండు వరసలు ముందుకు నడిచి, లవర్న్ పక్కన ఆగి, నవ్వు తీసేసి, "అమ్మా, మీ అబ్బాయి పేరప్పుడు గోల జరిగింది. ఇదే ఆఖరి హెచ్చరిక. ఇంకోసారి చప్పుడైతే మీరు బయటికి నడవాలి," అన్నాడు.

"ఆ ఈల నాది," అన్నాను గట్టిగా. ఆయన వెనక్కి తిరిగి, ముసలాయన ఎంత మంచివాడో అన్నట్టు నాకేసి మళ్లీ నవ్వాడు.

లవర్న్ నావైపు తిరగలేదు. వేదికవైపే చూస్తూ, "సరేనండీ," అంది. కాపలా ఆయన ఆ వరస పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పేర్లన్నీ అయ్యేదాకా.

కాబట్టి మహాశయులారా, ఈ రూలు వరమని నేనంటే నమ్మండి. నోరారా అరిచింది నేను, హెచ్చరిక అందుకున్నది ఆవిడ. ఇంత సుఖమైన ఏర్పాటును తప్పుపట్టడానికి నాకేమైనా పిచ్చా?